పిల్లల అలర్జీ జలుబుకు ఉప్పునీళ్ళ వైద్యం

ముక్కు కొసను అరచేత్తో కిందినుంచి పైకి నెట్టి రుద్దుకునే పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. ఆ రుద్దుడు నెలల తరబడి సాగితే ముక్కు మీద, ఎముక అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోట, అడ్డంగా ఒక సన్నటి గీత పడుతుంది. కళ్ళ కింద నల్లటి నీడలు కమ్ముతాయి. పొద్దున్నే మంచం దిగీదిగక ముందే వరసగా తుమ్ములు మొదలవుతాయి. రాత్రిళ్ళు నోరు తెరుచుకుని నిద్రపోతారు. ఆ నిద్ర సరిపోక బడిలో తూగుతారు, చెప్పింది చెవికెక్కదు. ఇంట్లో పెద్దవాళ్ళు పెరుగు మాన్పిస్తారు, తలస్నానం వాయిదా వేయిస్తారు. అయినా తగ్గదు. జ్వరం లేకుండా, వారాలు గడిచినా వదలకుండా, పల్చటి నీళ్ళ చీమిడితో, ముక్కూ కళ్ళూ దురదతో వచ్చే ఈ జలుబును వైరస్ తీసుకురాదు. దీన్ని అలర్జిక్ రైనైటిస్ అంటారు. వాడుకలో అలర్జీ జలుబు.

ఈ పిల్లలకు ఉప్పునీటితో ముక్కు కడగమని పిల్లల డాక్టర్లూ ఈఎన్‌టీ డాక్టర్లూ ఇప్పుడు తరచుగానే చెబుతున్నారు. విన్న తల్లిదండ్రుల్లో కొందరు ‘ముక్కులో నీళ్ళు పోస్తే ఊపిరాడక చస్తాడేమో’ అని భయపడి వదిలేస్తున్నారు. ఇంకొందరు ఇదొక్కటే చాలనుకుని, డాక్టరు రాసిన స్ప్రే పక్కనపెట్టి, కుళాయి కింద చెంబు పట్టి మొదలుపెడుతున్నారు. మొదటివాళ్ళు పిల్లలకు దక్కవలసిన ఉపశమనాన్ని పోగొడుతున్నారు. రెండోవాళ్ళు చేస్తున్నది ప్రమాదం. ఉప్పునీటి కడుగుడు నిజంగా పనిచేస్తుంది. అయితే ఎంతవరకు పనిచేస్తుందో, ఏ నీళ్ళతో చెయ్యాలో తెలుసుకున్నాకే చెయ్యాలి.

ముక్కు లోపల ఒక్కో వైపు మూడేసి ఎముక మడతలుంటాయి. వాటిని కప్పిన పొర నిండా రక్తనాళాలు. పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరేలోగా వెచ్చబడేదీ తేమ పట్టేదీ ఇక్కడే. ఆ పొర మీద శ్లేష్మం పల్చగా పరుచుకుని ఉంటుంది. గాలితో వచ్చే దుమ్ము, పుప్పొడి, బూజు రేణువులు దానికి అంటుకుంటాయి. పొర కణాల మీదుండే శైలికలు అనే అతి సూక్ష్మమైన నూగు సెకనుకు పది పదిహేనుసార్లు కదులుతూ ఆ శ్లేష్మాన్ని గొంతు వైపు తోస్తూ ఉంటుంది. వేగం నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్లు. గొంతులోకి చేరినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. పది ఇరవై నిమిషాలకొకసారి పాత శ్లేష్మం పోయి కొత్తది వస్తుంది. అంటే ముక్కు తనను తాను రోజంతా కడుక్కుంటూనే ఉంటుంది. మనం చేసే ఉప్పునీటి కడుగుడు దానికి సాయం మాత్రమే.

అలర్జీ ఉన్న పిల్లల్లో ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. వాళ్ళ శరీరం పుప్పొడినో దుమ్ములోని ప్రోటీన్‌నో శత్రువుగా లెక్కగట్టి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తల జంట కిమిషిగే ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దీన్ని కనుక్కున్నారు. అదే కాలంలో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిచ్ విడిగా ఇదే అణువును చేరుకున్నారు. ఈ ఐజీఈ ముక్కు పొరలోని మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటుంది. అదే ప్రోటీన్ మళ్ళీ వచ్చి తగలగానే నిమిషాల్లో ఆ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. దురద, తుమ్ములు, నీళ్ళు కారడం హిస్టమిన్ పనే. కొన్ని గంటల తరవాత ఇసినోఫిల్స్ వంటి తెల్లకణాలు అక్కడికి చేరి వాపు పెంచుతాయి. ముక్కుదిబ్బడ ఎక్కువగా ఈ రెండో దశలోనే. తుమ్ములకు ఇచ్చిన మాత్రతో తుమ్ములు ఆగినా దిబ్బడ అంతగా తగ్గకపోవడానికి కారణం ఇదే.

మన ఇళ్ళలో ఈ ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువగా పరుపులోంచి. డస్ట్ మైట్ అనే కంటికి కనిపించని పురుగు మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా దాని మలం. ఇంటి దుమ్ములో అసలు దోషి ఈ పురుగేనని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు నిరూపించారు. అది నీళ్ళు తాగదు, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే కోస్తా జిల్లాల ఉక్క దానికి బాగా పడుతుంది. ఏళ్ళనాటి బూరుగుదూది పరుపులు, దిండ్లు, మందపాటి పరదాలు దాని నివాసాలు. దసరాకో సంక్రాంతికో అటకలు దులిపిన మర్నాడు పిల్లవాడి ముక్కు మూసుకుపోయిందంటే ఆ దుమ్ము చేసిన పనే. బొద్దింకలూ తక్కువేమీ కాదు. బయట ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన విరగబూసే వయ్యారిభామ పుప్పొడి ఉంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1950ల మధ్యలో, పుణేలో. ఇవాళ అది లేని ఊరు లేదు. తలంటి పోశాక పిల్లలకు పట్టే సాంబ్రాణి పొగ, దోమల చుట్ట పొగ అలర్జీ కారకాలు కావు గానీ, అప్పటికే వాచిన పొరను ఇంకా రేపుతాయి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే సాంబ్రాణి ముచ్చట మానుకోవడమే మేలు.

ఉప్పునీళ్ళు చేసే పని మొదట భౌతికమైనది. చిక్కబడి నిలిచిపోయిన చీమిడిని, దానికి అంటుకున్న పుప్పొడిని, మైట్ మలపు రేణువులను ఉప్పునీళ్ళు కొట్టుకుపోయేలా చేస్తాయి. హిస్టమిన్ వంటి రసాయనాలు కూడా కొంత కొట్టుకుపోతాయి. ముక్కు కడిగాక స్రావాల్లో హిస్టమిన్ తగ్గినట్టు 1990లలోనే కొలిచి చూశారు. చీమిడి పల్చబడ్డాక శైలికలు మళ్ళీ తమ పని తాము చేసుకోగలుగుతాయి.

ఇంతకీ ఉప్పు ఎందుకు? ఈతలో మామూలు నీళ్ళు ముక్కులోకి పోతే ఎంత మంటో అందరికీ అనుభవమే. కణాల లోపలి ద్రవంకన్నా పల్చటి నీళ్ళు తగిలితే కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే 0.9 శాతం ఉంటే ఆ నీళ్ళు మన రక్తపు గాఢతకు దాదాపు సమానం. కణం ఉబ్బదు, ముడుచుకోదు. ఆస్పత్రిలో ఎక్కించే నార్మల్ సెలైన్ గాఢత ఇదే. ఇంకాస్త ఉప్పు ఎక్కువుంటే వాచిన పొరలోంచి నీటిని బయటికి లాగి వాపును కొంత తగ్గిస్తుంది గానీ మంట పుడుతుంది. మొదటిరోజే మంట పుట్టిన పిల్లవాడు రెండోరోజు సీసా చూసి పరుగెడతాడు. అందుకని పిల్లలకు 0.9 శాతంతోనే మొదలుపెట్టాలి.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలేమిటి? 2003లో ఇటలీలో పుప్పొడి అలర్జీ ఉన్న ఇరవైమంది పిల్లల్లో సగంమందికి, పుప్పొడి రాలే ఆరువారాలూ రోజుకు మూడుసార్లు గాఢమైన ఉప్పునీటితో ముక్కు కడిగారు. కడిగిన పిల్లల్లో లక్షణాలు తగ్గాయి, అలర్జీ మాత్రల అవసరమూ తగ్గింది. ఇరవైమంది అంటే చిన్న సంఖ్యే. 2018లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పద్నాలుగు పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. మొత్తం 747 మంది, అందులో 499 మంది పిల్లలు. ఉప్పునీళ్ళు వాడనివారితో పోలిస్తే వాడినవారిలో మూడునెలల వరకు బాధ తగ్గి ఉండవచ్చని, చెప్పుకోదగ్గ దుష్ఫలితాలేవీ నమోదు కాలేదని తేల్చింది. ‘ఉండవచ్చు’ అనే మాటను గమనించాలి. ఆ పరీక్షల నాణ్యత తక్కువగా ఉందని కూడా కాక్రేన్ అంతే స్పష్టంగా చెప్పింది. స్టెరాయిడ్ స్ప్రేకి బదులుగా ఇది సరిపోతుందని ఏ పరీక్షా నిరూపించలేదు. ఖర్చు తక్కువ, హాని తక్కువ, మేలు కొంత ఉండవచ్చు. ఇలాంటిదాన్ని అసలు చికిత్సకు తోడుగా వాడుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం.

మనకు ముక్కు కడగడం అనగానే జలనేతి గుర్తుకొస్తుంది. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక ఆరు శుద్ధి క్రియల్లో నేతిని ఒకటిగా చెప్పింది. అయితే అందులో వర్ణించింది దారంతో చేసే సూత్రనేతి. ముక్కుతో నీళ్ళు పీల్చి నోటితో వదిలే పద్ధతి ఘేరండ సంహితలో కపాలభాతి కింద వస్తుంది. ఇవాళ ప్రపంచమంతా అమ్ముతున్న కొమ్ముచెంబుకు నేతి పేరే స్థిరపడిపోయింది. ఇది ప్రాచీనం కాబట్టి సురక్షితమే అనుకునేవాళ్ళు చాలామంది. ఆ నమ్మకం దగ్గరే జాగ్రత్త పడాలి.

2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇద్దరు మనుషులు మెదడువాపుతో చనిపోయారు. ఒకరు 28 ఏళ్ళ యువకుడు, మరొకరు 51 ఏళ్ళ మహిళ. ఇద్దరూ నేతి చెంబుతో ముక్కు కడుక్కునేవారే, ఇద్దరూ వాడింది ఇంటి కుళాయి నీళ్ళే. కారణం నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా. వెచ్చటి మంచినీళ్ళలో బతికే ఈ జీవి కడుపులోకి పోతే ఏమీ చేయదు. ముక్కులోకి పోతే మాత్రం వాసన నాడి వెంట పైకి పాకి మెదడును తినేస్తుంది. సోకినవారిలో నూటికి తొంభై ఏడుమందికి పైగా బతకరు. 2024లో కేరళలో చెరువుల్లో ఈదిన పిల్లలకు ఈ జబ్బు వచ్చి, కొందరు ప్రాణాలు కోల్పోయిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. ఇది చాలా అరుదైన జబ్బు. దీన్ని ఆపడం కూడా చాలా సులువు. నీళ్ళు తెర్లేలా కాగితే అమీబా చస్తుంది.

అందుచేత పిల్లల ముక్కులో పోసే నీళ్ళ గురించి ఒక్క మినహాయింపు కూడా వద్దు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, బావి నీళ్ళు నేరుగా పనికిరావు. ఇంట్లో ఆర్వో యంత్రంలోంచి వచ్చినవీ, వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళూ తాగడానికి బాగుండవచ్చు గానీ, ముక్కుకు కాచకుండా వాడకూడదు. క్యాన్ ఎన్నిరోజులుగా తెరిచి ఉందో, డిస్పెన్సరు ఎప్పుడు కడిగారో ఎవరికీ గుర్తుండదు. నీళ్ళు బుడబుడా తెర్లడం మొదలయ్యాక మూడు నుంచి అయిదు నిమిషాలు కాగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడుకోవచ్చు. ఇక్కడ మాత్రం అదే పేరుతో ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే నీళ్ళు అమ్ముతారు. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి.

ఉప్పు విషయానికొస్తే, మందుల షాపులో దొరికే కొలిచిన ఉప్పు ప్యాకెట్లు అన్నిటికన్నా నయం. మన వంటింట్లో ఉండేది అయోడిన్ కలిపిన ఉప్పు. అది కొందరి ముక్కులో చురుక్కుమనిపిస్తుంది. కల్లుప్పులో మట్టి ఉంటుంది, సైంధవ లవణంలో వేరే లవణాలు కలిసి ఉంటాయి. పైగా చెంచాలు ఇంటింటికీ ఒక్కో సైజు. ప్యాకెట్లు దొరకనిచోట చాలామంది డాక్టర్లు 0.9 శాతం సెలైన్ సీసా కొనమంటారు. 100 మిల్లీలీటర్ల సీసాలు కూడా ఉంటాయి. అందులోది శుభ్రమైన గిన్నెలో పోసుకుని వాడాక మిగిలింది పారబోయాలి. సీసా తెరిచి ఉంచి వారమంతా వాడితే దానిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

పసివాళ్ళకు ధారగా పోయడం పనికిరాదు. వాళ్ళకు షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. సాధారణంగా నాలుగేళ్ళు దాటి, చెప్పిన మాట అర్థం చేసుకునే వయసు వచ్చాకే సిరంజీ గానీ మెత్తటి నొక్కుడు సీసా గానీ వాడాలి. మొదట్లో సూది లేని సిరంజీతో ఒక్కో వైపు పది ఇరవై మిల్లీలీటర్లు చాలు. అలవాటయ్యాక సీసాతో ఇంకొంచెం పెంచవచ్చు. పిల్లను వాష్‌బేసిన్ ముందు నిలబెట్టి, తల ముందుకు వంచి కొద్దిగా పక్కకు తిప్పమనాలి. ‘నోరు తెరిచి ఆ... అను తల్లీ, నోటితోనే గాలి పీల్చు’ అని చెప్పి, పై ముక్కురంధ్రంలోకి మెల్లగా వదలాలి. ‘ఆ’ అంటున్నప్పుడు అంగిలి వెనకభాగం పైకి లేచి గొంతులోకి నీళ్ళు తక్కువగా పోతాయి. నీళ్ళు రెండో రంధ్రంలోంచో నోట్లోంచో బయటికి వస్తాయి. కాసిని మింగినా ఫరవాలేదు. తరవాత రెండోవైపు. పూర్తయ్యాక కాసేపు ముందుకు వంగి ఉండనిచ్చి, ముక్కు మూయకుండా మెల్లగా చీదమనాలి. పిల్లల్లో ముక్కు వెనకనుంచి చెవికి వెళ్ళే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. బలంగా నొక్కినా, గట్టిగా చీదినా నీళ్ళు చెవివైపు పోయి నొప్పి వస్తుంది.

ఇవన్నీ చదివి ‘మావాడు ఒప్పుకుంటాడా’ అని సందేహించే తల్లులకు ఒక మాట. పిల్లలు ఎంతవరకు ఓర్చుకుంటారో చూసిన అమెరికా వైద్యుల అనుభవంలో, తమ బిడ్డ ససేమిరా అంటుందని అనుకున్న తల్లిదండ్రులే ఎక్కువ, తీరా చూస్తే చేయించుకున్న పిల్లలే ఎక్కువ. ముందు మీరు చేసి చూపించండి. సీసా వాళ్ళ చేతికే ఇవ్వండి. ఏడుస్తుంటే, పెనుగులాడుతుంటే ఆ రోజుకు వదిలేయండి. కాళ్ళూచేతులూ పట్టుకుని పోసే పని మాత్రం చెయ్యవద్దు. అప్పుడే నీళ్ళు ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంటుంది. వాడిన సీసాను ప్రతిసారీ కాచిన నీళ్ళతో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. మూడునెలలకొకసారి కొత్తది మార్చాలి. ఒక్కొక్కరికి ఒక్కో సీసా.

అసలు మందు మాత్రం డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే. తరచుగా వేధించే అలర్జీ జలుబుకు ప్రపంచమంతటా మొదటి వరస చికిత్స ఇదే. స్టెరాయిడ్ అనే మాటకు జడిసి చాలామంది మానేస్తారు. రెండేళ్ళు దాటిన పిల్లలకు మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్ వంటివి అనుమతి పొందినవి. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, రక్తంలోకి చేరేది అత్యల్పం. పెరిగే పిల్లలు కాబట్టి డాక్టరు ఎత్తు కొలుస్తూ ఉంటారు, అంతే. ఉప్పునీళ్ళకూ స్ప్రేకూ ఉన్న సంబంధం వరసలో ఉంది. దుమ్ము దులపకుండా సున్నం వేస్తే గోడకు అంటదు. చీమిడి నిండిన ముక్కులో కొట్టిన స్ప్రే కూడా అంతే. ముందు కడిగి, పదీ పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు స్ప్రే. స్ప్రే మొనను నడిమి గోడకేసి కాకుండా అదేవైపు చెవి దిక్కుగా తిప్పాలి. లేదంటే ముక్కునుంచి రక్తం వస్తుంది.

మిగతా మందుల గురించి మన ఇళ్ళలో జరుగుతున్నది చూస్తే బాధేస్తుంది. దిబ్బడ వెంటనే విడిచే జైలోమెటాజోలిన్ చుక్కలను నాలుగైదు రోజులకు మించి వాడితే, మందు ఆపగానే ముక్కు ముందుకన్నా ఎక్కువ బిగుస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు సిరప్‌లను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలంటూ మన ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. అలర్జీ అనగానే రాసేసే మాంటెలుకాస్ట్ మీద, నిద్రలేమి, చికాకు, కుంగుబాటు వంటి మానసిక దుష్ఫలితాల దృష్ట్యా అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. వేరే మందులు పనిచేయని అలర్జీ జలుబుకే దాన్ని పరిమితం చేయమంది. డాక్టరు రాశారంటే కారణం ఉండవచ్చు, కానీ అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. అమృతాంజనం లాంటి బామ్‌లలోని మెంథాల్ చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టి, గాలి ధారాళంగా ఆడుతున్న భావన ఇస్తుంది. నిజానికి ముక్కు దారి వెడల్పేమీ పెరగదు. గిన్నెలో మరిగే నీళ్ళమీద పిల్లల్ని వంచి దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం వల్ల ఒళ్ళు కాలిన ఘటనలు ఎన్నో. పసిబిడ్డల ముక్కులో నూనె చుక్కలు వేసే ఆచారం ఇంకా ప్రమాదం. ఆ నూనె ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెచ్చిన కేసులను దక్షిణాది వైద్యులు దశాబ్దాల కిందటే నమోదు చేశారు.

ఏ కడుగుడైనా, ఏ స్ప్రే అయినా, రాత్రంతా పిల్లవాడి మొహం మైట్లున్న దిండులో ఉంటే అరకొరగానే పనిచేస్తుంది. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతకడం, పరుపు ఎండలో వేసి దులపడం, గది గాలివెలుతురు తగిలేలా ఉంచడం అంతే అవసరం. దులిపేటప్పుడు పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

చెవిపోటు ఉన్నప్పుడు, ముక్కు పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు, తరచుగా రక్తం కారుతున్నప్పుడు, ముక్కుకు ఆపరేషన్ అయిన కొత్తల్లో డాక్టరును అడక్కుండా కడగవద్దు. ఒక్క ముక్కురంధ్రంలోంచే దుర్వాసనతో చీము వస్తుంటే అది అలర్జీ కాదు, లోపల చింతగింజో పూసో బలపం ముక్కో ఇరుక్కుని ఉండవచ్చు. బొమ్మలోని బటన్ బ్యాటరీ దూర్చుకున్నాడని అనుమానం వస్తే గంటలు లెక్కపెట్టుకోవలసిన అత్యవసరం. నీళ్ళు పోయకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ప్రతి రాత్రీ గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు ఉంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్‌ను డాక్టరుకు చూపించాలి. ముక్కు అలర్జీ, ఉబ్బసం రెండూ ఒకే గాలిదారిలోని జబ్బులు, చాలామందిలో కలిసే వస్తాయి. మీ బిడ్డకు తెల్లవారుజామున దగ్గు తెరలు వస్తున్నా, ఆడుకుంటూ ఆయాసపడుతున్నా, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నా ఉప్పునీళ్ళతో తగ్గుతుందేమోనని ఎదురుచూడకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.